పరభాషలో పాట - ఆంగ్ల జాతీయములతో పాటకవి పడు పాట్లు



తెలుగు నేర్చుకొనుచున్న పరదేశీయుడొకడు నిఘంటువును ముందు పెట్టుకొని కూర్చున్నాడనుకొనుడు. "కొట్టు" అను క్రియకు ప్రహరించుట అని అర్థము వ్రాసియున్నది. ఆతడు దానిని కంఠస్థము చేసి వీధిలోనికి వచ్చును. అక్కడ ఒక కుర్రవాడు కన్ను కొట్టును. మరియొకడు ఈల కొట్టును. మేస్త్రి గోడకు సున్నము కొట్టుచుండును. విద్యార్థి పరీక్షలో కాపీ కొట్టును. సంతలో దొంగ జేబు కొట్టును. సభలో ఉపన్యాసము బోరు కొట్టును, అయినను జనులు మర్యాదకు చప్పట్లు కొట్టుదురు. ఇంటికి పోయిన వెంటనే ఫోను కొట్టుమని మిత్రుడు చెప్పును. ఇన్ని చోట్ల కొట్టుటయే గాని దెబ్బ తిన్నవాడు ఒక్కడును కనబడడు. జేబు పోయినవానిని మాత్రము మినహాయింపవలెను.

భాషకు వ్యాకరణము అస్థిపంజరమైనచో జాతీయము దాని నడక. సి.పి. బ్రౌను 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినప్పుడు పదములకు అర్థములు వ్రాసి ఊరకుండక, వాడుకలోని ప్రయోగములను కూడ కూర్చెను. అంతటి పరిశ్రమ చేసినవానికి సైతము మన కావ్యములను చదువుటకు పండితుల సాయము కావలసివచ్చినది. చదువువాని స్థితియే ఇట్లున్నచో, పరభాషలో పాట వ్రాయబూనినవాని స్థితి యెట్లుండును? చదువువాడు అర్థము కాని పలుకుబడిని దాటి ముందుకు పోవచ్చును. పాటకవి అట్లు దాటిపోలేడు. ఆతడు ఆ పలుకుబడిని మరియొకరి నోట పెట్టి, ఆ భాషలో పుట్టి పెరిగినవారి చెవిలో వేయవలసియున్నది.

కేంద్రప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి ఈ చిక్కు కొత్తది కాదు. ఫైలును పై అధికారి యెదుట పెట్టుటను ఇచ్చట "పుటప్" చేయుట యందురు. ఇంగ్లండులో ఒక మనిషిని "పుట్ అప్" చేయుట యనగా ఆ రాత్రికి ఇంట బస యిచ్చుట. దానికి "విత్" చేర్చినచో సహించుట యగును. "పుట్ డౌన్" అన్నచో అవమానించుట. "పుట్ ఆఫ్" అన్నచో వాయిదా వేయుట. ఫైలు విషయమున ఈ చివరి అర్థమే ఎక్కువ వర్తించునని అనుభవజ్ఞులందురు గాని, అది వేరు సంగతి. ఒక్క చిన్న అవ్యయము మారినంతనే అతిథి శత్రువగుచున్నాడని గమనించిన చాలును. కార్యాలయములో తప్పు దొరలినచో మరునాడు కారిజెండము పంపవచ్చును. పాటకు కారిజెండము లేదు. ఒకసారి రికార్డు అయి జనుల నోట పడిన మాట ఇక వెనుకకు రాదు.

ఈ విషయమున అందరికన్న ముందు చెప్పుకొనదగినవాడు ఇర్వింగ్ బెర్లిన్. ఈయన 1888లో రష్యా సామ్రాజ్యములో ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి ప్రార్థనాలయములో స్తోత్రములు పాడువాడు. 1893లో ఆ కుటుంబము న్యూయార్కు చేరునాటికి బాలునికి ఐదేండ్లు. ఇంటిలోని భాష యిడ్డిష్. ఐదేండ్ల వయసున వచ్చినవానిని పరభాషీయుడనవచ్చునా అని కొందరు శంకింపవచ్చును. కాని తండ్రి 1901లో మరణించెను. పదమూడేండ్ల బాలుని చదువు అంతటితో ఆగిపోయినది. ఇల్లు విడిచి, బౌరీ ప్రాంతపు మద్యశాలలలో పాటలు పాడుచు, వినువారు విసరిన చిల్లరతో పొట్ట పోసికొనెను. తరువాత చైనాటౌనులోని పెల్హామ్ కెఫేలో పాడుచు వడ్డించు పనివాడుగా కుదిరెను. ఆ హోటలులో ఉండగా 1907లో వ్రాసిన మొదటి పాటకు ఆయన వాటాగా వచ్చినది నలుబది సెంట్లకు లోపే. ఆ ప్రతిపై ఇంటిపేరు బెర్లిన్ అని అచ్చు కాగా, అదియే స్థిరపడినది.

అనగా ఆయనకు ఆంగ్ల జాతీయములు పాఠ్యపుస్తకమునుండి రాలేదు. నావికులు, బండివాండ్రు, ఇటలీ నుండి, ఐర్లండు నుండి వచ్చిన కూలీలు రాత్రివేళ బల్లల చుట్టు కూర్చుండి పలికిన మాటలనుండి వచ్చినవి. ఎవరు, ఎవరితో, ఏ స్వరమున ఆ మాట యనిరో ఆయన మాటతోపాటు దానిని కూడ విని గ్రహించెను. నిఘంటువులో దొరకనిది సరిగా అదియే.

1936లో "ఫాలో ది ఫ్లీట్" అను చలనచిత్రమునకు ఆయన వ్రాసిన పాటను చూడుడు. దాని పేరు "లెట్స్ ఫేస్ ది మ్యూజిక్ అండ్ డాన్స్". ఆంగ్లములో "ఫేస్ ది మ్యూజిక్" అనగా చేసినదాని ఫలితమును తప్పించుకొనక ఎదుర్కొనుట. ఇది అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దమున పుట్టిన పలుకుబడి. రంగస్థలముపైకి వచ్చిన నటుడు వాద్యబృందమునకు ఎదురుగా నిలుచుటనుండి వచ్చినదని కొందరు, సైన్యమునుండి వెలివేయబడువాని యెదుట డప్పులు మ్రోగించుటనుండి వచ్చినదని కొందరు చెప్పుదురు. అయినను ఆ భాషవారు దీనిని పలుకునప్పుడు సంగీతము వారి మనస్సునకు తట్టదు. కన్ను కొట్టెనన్నప్పుడు మనకు దెబ్బ తోచనట్లే.

చిత్రములో ఆ పాట వచ్చు ఘట్టము ఇట్లున్నది. జూదశాలలో సర్వస్వము పోగొట్టుకొన్న యొకడు పిస్తోలు చేతబట్టి ప్రాణము తీసికొనబోవుచుండును. అంతలో ఒక స్త్రీ గోడపైనుండి దుముకబోవుట చూచి, తన సంగతి మరచి ఆమెను పట్టి ఆపును. ఖాళీ పర్సును, పిస్తోలును ఆమెకు చూపి రెంటిని దూరముగా విసరివైచును. తరువాత ఇద్దరును నృత్యము చేయుదురు. ఫ్రెడ్ అస్టేర్, జింజర్ రోజర్సుల నృత్యములలో ఇది పేరు గన్నది. ఇచ్చట "సంగీతమును ఎదుర్కొనుట" యన్న మాట రెండు కాళ్లమీద నిలిచినది. అప్పులు, అవమానము, రేపటి దినము - ఇవి యన్నియు జాతీయములోని సంగీతము. చెవికి వినబడుచున్నది నిజమైన సంగీతము. ఒకదానిని ఎదుర్కొనుటకు రెండవదానిలో అడుగు పెట్టుచున్నారు.

ఆ భాషలో పుట్టినవానికి జాతీయములోని అక్షరార్థము అరిగిపోయిన నాణెముపై బొమ్మవలె కనబడకుండ పోవును. బయటినుండి వచ్చినవానికి మొదట కనబడునది బొమ్మయే; నాణెము విలువ తరువాత తెలియును. రెండును తెలిసినవానికే ఇట్టి పాట సాధ్యము. బొమ్మ మాత్రమే తెలిసినచో నవ్వులపాలగును. విలువ మాత్రమే తెలిసినచో పాట చప్పబడును.

1929లో ప్రచురితమైన ఆయన మరియొక పాట "పుటిన్ ఆన్ ది రిట్జ్". సీజర్ రిట్జ్ అను స్విట్జర్లండు దేశీయుడు పారిసులో 1898లో తెరచిన హోటలు వైభవమునకు మారుపేరై, ఆర్భాటముగా అలంకరించుకొని తిరుగుటకు అమెరికాలో ఈ పలుకుబడి యేర్పడినది. స్విట్జర్లండు వాని పేరు, ఫ్రాన్సులోని హోటలు, అమెరికాలోని నుడికారము, రష్యానుండి వచ్చినవాని పాట! జాతీయము ఒక జాతి సొత్తని గట్టిగా వాదించువారు ఈ పాట పుట్టుకను ఒకసారి తలచుకొనవలెను.

అట్టివాడును ఒకచోట జంకెను. 1945లో జెరోమ్ కెర్న్ అకస్మాత్తుగా మరణింపగా, "ఆనీ గెట్ యువర్ గన్" నాటకమునకు పాటలు వ్రాయు భారము బెర్లినుపై పడినది. కథానాయిక పల్లెటూరి పిల్ల, తుపాకి గురిలో మేటి. కొండపల్లెల యాస తనకు రాదని ఆయన వెనుదీసెను. న్యూయార్కు వీధి ఆయనది, ఆ పల్లె ఆయనది కాదు. అప్పుడు నిర్మాతలలో ఒకడైన ఆస్కార్ హామర్‌స్టీన్, స్వయముగా గొప్ప పాటకవి, పెద్ద శ్రమ అక్కరలేదు, క్రియల చివరనున్న గకారమును తీసివేసిన చాలునని చెప్పెనట. బెర్లిన్ కొలది దినములలోనే పాటలతో తిరిగివచ్చెను. నాటకము 1946 మే నెలలో ప్రదర్శితమై ఆయన రచనలలోకెల్ల ఘనవిజయము పొందినది. హామర్‌స్టీన్ మాటలో హాస్యమెంతయో సత్యమంతయు కలదు. యాస సాంతము రానక్కరలేదు. ఆ యాసకు గుర్తుగా ఒక్క కీలు తెలిసిన చాలును. ఆ కీలు ఏదో చెప్పగల స్నేహితుడు మాత్రము ఉండవలెను.

ఇక స్వీడను దేశమునకు పోదము. అచ్చట సంగతి తలక్రిందులు. వీధిలో ఆంగ్లము లేదు. రేడియోలో, గ్రామఫోను పళ్లెములలో, బడిపుస్తకములలో ఉన్నది. అబ్బా అను పేర ప్రసిద్ధి చెందిన గాయకబృందము 1973లో "రింగ్ రింగ్" అను పాటకు ఆంగ్లపదములు తాము పూర్తిగా కూర్చుకొనుటకు ధైర్యము చాలక, నీల్ సెడాకా, ఫిల్ కోడీ అను అమెరికా రచయితలను ఆశ్రయించినది. మరుసటి సంవత్సరము వారి వ్యవహర్తయు పాటకవియునైన స్టిగ్ ఆండర్సన్ తానే పూనుకొనెను. బెన్నీ ఆండర్సన్, బ్యోర్న్ ఉల్వేయస్ కట్టిన బాణీకి మొదట "హనీ పై" యని తాత్కాలికముగా ఒక పేరుండెను. అది స్టిగ్‌కు నచ్చలేదు. ప్రసిద్ధవాక్యముల సంపుటము నొకదానిని తిరుగవేయుచుండగా "వాటర్లూ" కంటబడినది.

1815 జూన్ 18న వాటర్లూ వద్ద నెపోలియన్ ఓడిపోయిన పిదప, ఆంగ్లములో ఒకడు తన వాటర్లూను కలిసికొనెనన్నచో ఇక కోలుకొనలేని ఓటమి పాలయ్యెనని భావము. ఆంగ్లేయులు దీనిని రాజకీయములకు, వ్యాపారములకు, ఆటలకు వాడుదురు, అది పతనము. స్టిగ్ దానిని ప్రేమకు తెచ్చి, ఓడిపోయినందుకు సంతోషించు యువతి నోట పెట్టెను. పుస్తకములో దొరకిన జాతీయమునకు ఆ భాషవారు పెట్టని కొత్త ముఖము పెట్టుట ఇది. చరిత్రకారుడు మాత్రము ఒక ఆక్షేపణ చేయవచ్చును. పాట వినినచో నెపోలియన్ ఆ రణరంగముననే లొంగిపోయెననిపించును. నిజమునకు ఆతడు లొంగినది నెల దాటక ముందే, జూలై 15న, బెలరొఫాన్ అను ఆంగ్లేయుల ఓడపైన. పాటకు చరణము కుదిరినది. చరిత్ర కొంచెము ఒదిగినది.

యూరోవిజన్ పోటీలో ఏ దేశమైనను తనకు నచ్చిన భాషలో పాడవచ్చునను సడలింపు 1973 నుండి 1976 వరకు ఉండెను. ఆ సందున 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని బ్రైటను నగరమున ఆంగ్లములోనే పాడి ఈ బృందము ప్రథమస్థానమును గెలిచినది. ఆ రాత్రి బ్రిటను తీర్పరులు ఈ పాటకు ఒక్క గుర్తు కూడ వేయలేదు. మరుసటి నెలలో అదే బ్రిటనులో అమ్మకముల పట్టికయందు ఆ పాటయే అగ్రస్థానమున నిలిచినది. తీర్పరుల చెవి వేరు, కొనువారి చెవి వేరు.

1980లో ఉల్వేయస్ వ్రాసిన "ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్" మరింత సూక్ష్మమైన ఉదాహరణము. ఆంగ్లేయుల వాడుకలోని పలుకుబడి "విన్నర్ టేక్స్ ఆల్" అని మూడు మాటలే. జూదములో, పందెములో గెలిచినవాడు సర్వము పట్టుకొనిపోవునను నియమమది. నియమము గనుక ఎండిపోయి, బిగుసుకొని యుండును. ఈ పాటలో ముందొక మాట, నడుమ నొక మాట చేరి ఐదైనవి. బాణీకి అక్షరములు కావలసియుండుట ఒక కారణము కావచ్చును. కాని ఫలమేమి? నియమము పోయి మనిషి వచ్చినది. "గెలిచినవాడు" అని ఒకనిని వ్రేలితో చూపినట్లైనది. "అది యంతయు" అన్నచోట పోగొట్టుకొన్న కాపురము కనబడినది. ఉల్వేయస్, ఆ పాట పాడిన ఆయన భార్య ఆగ్నెతా విడాకులు పొందిన కాలమది. కథ తమది కాదని ఆయన చెప్పెను గాని అనుభవము తనదని ఒప్పుకొనెను. ఆంగ్లములోనే పుట్టిన పాటకవి యైనచో పలుకుబడిని ఉన్నదున్నట్లు ఉంచుటకే మొగ్గియుండునేమో.

ఇట్టి అదృష్టము ఎల్లప్పుడు ఉండదు. 1998లో స్వీడనువాడే యైన మాక్స్ మార్టిన్ వ్రాసిన పాట బ్రిట్నీ స్పియర్స్ అను బాలగాయని నోట లోకమంతట మ్రోగినది. దాని పల్లవిలో "హిట్ మి" అను మాట కలదు. అమెరికా యువకుల వాడుకలో "హిట్ మి అప్" అనగా నాకు కబురు చేయుము, ఫోను చేయుము అని. మార్టిన్ ఉద్దేశించినదియు అదియే యని ఈ పాట చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. కాని "అప్" జారిపోయినది. మిగిలినది "నన్ను కొట్టుము". అంతకుముందు ఈ పాటను చూపగా టి.ఎల్.సి. అను స్త్రీల బృందము పాడుటకు నిరాకరించెను. ప్రచురణకర్తలు కూడ జంకి, ఆ రెండు మాటలను శీర్షికనుండి తొలగించి మూడు చుక్కలు పెట్టిరి. కాని పల్లవిలోని మాట పల్లవిలోనే యున్నది. పదునారేండ్ల బాలిక నోట ఆ మాట విని కలత చెందినవారున్నారు; ఆ కలత అకారణము కాదు. వ్రాసినవాని ఉద్దేశము వినువాని చెవితో పాటు ప్రయాణము చేయదు. తెలుగువాడు వ్రాసియున్నచో "ఫోను కొట్టు" అని ఫోనును కూడ చేర్చియుండునేమో, చిక్కు తీరియుండును.

మరుసటి సంవత్సరము 1999లో బాక్‌స్ట్రీట్ బాయ్స్ బృందమునకు మార్టిన్, ఆండ్రియాస్ కార్ల్సన్ కలసి వ్రాసిన "ఐ వాంట్ ఇట్ దట్ వే" అను పాటలో "ఆ విధము" అనగా ఏ విధమో ఎంత వెదకినను తేలదు. అర్థము కుదురునట్లు తిరిగి వ్రాసిన ప్రతియొకటి రికార్డు కూడ చేసిరి. గాయకులు దానిని కాదని మొదటి ప్రతినే పట్టుబట్టిరి; అదియే నిలిచినది. మార్టిన్ తత్త్వము ఇట్టిది: రాగమునకు ఎన్ని అక్షరములు, ఎచ్చట ఊనిక అన్నదే ముందు, అర్థము వెనుక వచ్చును, రాకపోయినను సరే. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. త్యాగరాజ కీర్తనలో సాహిత్యము తెలియకయే రాగమునకు తల యూపు శ్రోతలు మన సభలలో లేరా?

ఈ ప్రసంగమునకు ఇచ్చట పనియేమని ఎవరైన అడుగవచ్చును. ఢిల్లీలోను, ముంబయిలోను, కోల్‌కతాలోను బదిలీలపై తిరుగు తెలుగు ఉద్యోగుల ఇండ్లలో పిల్లలు భోజనాల బల్ల వద్ద తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు మాటలాడుదురు. వారిలో గిటారు పట్టి ఆంగ్లములో పాటలు కట్టువారున్నారు. వారి ఆంగ్లము వ్యాకరణమున నిర్దుష్టము. జాతీయములు మాత్రము పరీక్షకు కంఠస్థము చేసిన పట్టికలోనివి. పట్టికలోని "పిల్లులు, కుక్కలు కురియు" వాన పాటలోనికి వచ్చినంతనే జవాబుపత్రపు వాసన వేయును. లండను వీధిలో ఏ పడుచువాడును తన ప్రియురాలితో ఆ మాట అనడు. బెర్లినుకు బౌరీ వీధి యుండెను. ఈ పిల్లలకు ఆంగ్లము పలికెడి వీధి యేది?

వీరు జాతీయమును చూచినప్పుడు అర్థమేమని అడుగుట చాలదు. దీనిని ఎవరు, ఎవరితో, కోపముననా, చనువుననా, ఏ వయసున అందురని అడుగవలెను. పలికించి వినవలెను, ఏ అక్షరముపై ఊనిక పడునో, బాణీ దానిని అచ్చటనే ఉంచుచున్నదో లేదో చూడవలెను. ఊనిక తప్పిన జాతీయము, మాటలు సరిగా నున్నను, విరిగిపోవును. అనుమానము కలిగినచో మానుకొని సాదామాట వేయుట మేలు. సాదామాటకు సిగ్గుపడనక్కరలేదు; బెర్లిన్ పాటలలో చాలవరకు ఐదారేండ్ల పిల్లలకు తెలిసిన మాటలే.

మరియొక త్రోవ కలదు, అందులో ప్రమాదమును కలదు. ఇంటిలోని తెలుగు పలుకుబడిని ఆంగ్లములోనికి దింపుట. "కుండపోత" వాన ఏ భాషలో నైనను కంటికి కట్టును. కుండ, నీరు, వంపుట - అందరికి తెలిసినవి. అదే "కడుపులో చల్ల కదలకుండ" బ్రతికిన మనిషిని ఆంగ్లములో నిలబెట్టినచో, వినువాడు వైద్యుని పిలువవలెనేమో యని కంగారుపడును. ఏ బొమ్మ సరిహద్దు దాటునో, ఏది దాటదో ముందుగా చెప్పు సూత్రము లేదు. రెండు భాషలలో బ్రతికిన చెవియే చెప్పవలెను. తల్లిదండ్రులు ఇంటిలో తెలుగు మాటలాడుట మానివేసినచో ఆ చెవి సగమే యుండును.

బెర్లిను ఇంటిలో తల్లి లేనా కడవరకు యిడ్డిష్ మాటలాడెడిది. పేదరికమున ఎనమండుగురు బిడ్డలను పెంచిన ఆమె, తమకు నీడ యిచ్చిన దేశమును తలచుకొని "గాడ్ బ్లెస్ అమెరికా" యని తరచు అనెడిదట. తనకు రాని భాషలో తనకు వచ్చిన కొలది మాటలలో అది యొకటి. కుమారుడు 1918లో సైన్యములో నుండగా ఒక ప్రదర్శనకు ఆ మాటపై పాట కట్టి, అక్కడికి నప్పదని ప్రక్కన పెట్టెను. ఇరువది యేండ్లు అది పెట్టెలోనే యున్నది. 1938లో యూరపుపై యుద్ధమేఘములు కమ్ముచుండగా దానిని వెలికి తీసి, కొంత మార్చి, కేట్ స్మిత్ అను గాయనికి ఇచ్చెను. ఆమె దానిని రేడియోలో పాడినది. తల్లి అప్పటికి పదునారేండ్ల క్రిందటనే కన్ను మూసినది. ఆ పాటపై వచ్చు ఆదాయమును బెర్లిన్ తాను తీసికొనక బాలబాలికల స్కౌటు సంస్థలకు వ్రాసియిచ్చెను.